కంచంలో కొవ్వు, రక్తంలో కొలెస్టరాల్

రక్త పరీక్షలో కొలెస్టరాల్ అంకె పెరిగి కనబడగానే ఇంటిల్లిపాదీ వెతికేది కంచంలోనే. పచ్చసొన మానేస్తారు, రొయ్యలు మానేస్తారు, కొలెస్టరాల్ లేదని ముద్రించిన నూనె ప్యాకెట్ తెచ్చుకుంటారు. కంచాన్ని అనుమానించడం సబబే. అయితే ఈ వెతుకులాట వెనక ఒక ఊహ ఉంది: తిన్న కొలెస్టరాలే పేగులోంచి రక్తంలోకి ఎక్కి అక్కడ పేరుకుంటుందని. గత నూరేళ్ళ పరిశోధన ఆ ఊహను చాలావరకు తోసిపుచ్చింది. ఆహారానికీ రక్తంలోని కొలెస్టరాల్‌కీ ఉన్న సంబంధం గట్టిదే. కాని దాన్ని ప్రధానంగా నడిపించేది ఆహారంలోని కొలెస్టరాల్ కాదు. ఏ రకం కొవ్వు తింటున్నాం, దాన్ని తగ్గించినప్పుడు ఆ చోట ఏం తింటున్నాం అన్న రెండు సంగతులు. రెండో సంగతిని పట్టించుకోకపోవడం వల్లనే ఈ రంగంలో సగం వివాదాలు పుట్టాయి.

కొలెస్టరాల్ ఒంటికి శక్తినిచ్చే పదార్థం కాదు, కట్టుబడికి కావలసిన పదార్థం. ప్రతి జీవకణం పొరలోనూ అది ఉంటుంది. పైత్యరస ఆమ్లాలు, స్టెరాయిడ్ హార్మోన్లు దాని నుంచే తయారవుతాయి. ఇంత అవసరమైన దాన్ని శరీరం బయటి సరఫరాకు వదిలేయలేదు. పెద్దవారి శరీరం రోజుకు దాదాపు ఒక గ్రాము కొలెస్టరాల్‌ను స్వయంగా తయారు చేసుకుంటుంది. ఆ తయారీ దశలను వెలికితీసినందుకే కోన్రాడ్ బ్లాక్, ఫియోడోర్ లినెన్‌లకు 1964లో నోబెల్ బహుమతి దక్కింది. మాంసం, గుడ్లు, పాలు ఉన్న మామూలు భోజనం ద్వారా అందేది 200 నుంచి 400 మిల్లీగ్రాములు. అందులోనూ సుమారు సగమే పేగు పీల్చుకుంటుంది. మొక్కల్లో చెప్పుకోదగినంత కొలెస్టరాల్ ఉండనే ఉండదు. కాబట్టి నూనె ప్యాకెట్ మీద కొలెస్టరాల్ లేదన్న మాట నిజమే గాని, దానివల్ల కొనేవారికి తెలిసేది ఏమీ లేదు. పామాయిల్‌లోనూ లేదు, వనస్పతిలోనూ లేదు. రక్తంలో కొలెస్టరాల్‌ను పెంచడంలో మాత్రం ఈ రెండూ గుడ్డును మించినవి.

తిన్నదే పేరుకుంటుందన్న ఊహ ఎక్కడి నుంచి వచ్చింది? చాలావరకు కుందేళ్ళ నుంచి. 1913లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో నికొలాయ్ అనిచ్‌కోవ్ శుద్ధి చేసిన కొలెస్టరాల్‌ను పొద్దుతిరుగుడు నూనెలో కరిగించి కుందేళ్ళకు తినిపించాడు. కొన్ని వారాల్లోనే వాటి రక్తంలో కొలెస్టరాల్ విపరీతంగా పెరిగి, ధమనుల గోడల్లో మనుషుల్లో కనిపించేలాంటి కొవ్వు మచ్చలు ఏర్పడ్డాయి. ధమనుల జబ్బుకు కొలెస్టరాల్ కారణం కాగలదని ప్రయోగంతో చూపిన తొలి పని ఇది. వైద్య చరిత్రలో దాని స్థానం తక్కువది కాదు. అయితే కుందేలు గడ్డి తినే జంతువు, ఆహారంలో కొలెస్టరాల్ ఎరగనిది. వచ్చిపడిన దాన్ని వదిలించుకునే దారి దానికి సరిగ్గా లేదు. అదే తిండి ఎలుకలకూ కుక్కలకూ పెట్టినప్పుడు రక్తంలో అంత మార్పు రాలేదు. అంటే కుందేలు ప్రయోగంలో రెండు పాఠాలు కలిసిపోయాయి. రక్తంలో కొలెస్టరాల్ పెరిగితే ధమనులు చెడతాయన్నది ఒకటి. తింటే రక్తంలో పెరుగుతుందన్నది రెండోది. మొదటిది మనుషులకూ వర్తిస్తుందని తర్వాత తేలింది. రెండోది జంతువును బట్టి, మనుషుల్లోనైతే మనిషిని బట్టి మారుతుంది. జనం మనసులో మాత్రం రెండూ ఒకే మాటగా నిలిచిపోయాయి.

రక్తం నీరు వంటిది, కొలెస్టరాల్ అందులో కరగదు. ప్రొటీన్ తొడుగున్న చిన్న రేణువుల్లో కూర్చుని అది ప్రయాణిస్తుంది. ఆ రేణువుల్లో ఎల్‌డీఎల్, హెచ్‌డీఎల్ అనేవి ముఖ్యమైనవి. 1950 ప్రాంతంలో కాలిఫోర్నియాలో జాన్ గాఫ్‌మన్ వాటిని విడదీసి కొలిచాక, మొత్తం కొలెస్టరాల్ అన్న ఒక్క అంకె చాలదని తెలిసింది. హెచ్‌డీఎల్ తక్కువగా ఉండటం గుండెజబ్బు ముప్పుకు ఒక గుర్తు. ధమని గోడలోకి చొరబడి పేరుకునేది మాత్రం ప్రధానంగా ఎల్‌డీఎల్. దాన్ని రక్తంలోంచి తీసివేసే పని కాలేయానిది. కాలేయ కణాల మీద ఉండే గ్రాహకాలు ఎల్‌డీఎల్ రేణువులను పట్టి లోపలికి లాగుతాయి. మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్ 1970లలో ఈ సంగతి కనిపెట్టి 1985లో నోబెల్ అందుకున్నారు. ఆహారం కథ అసలు ఇక్కడే మలుపు తిరుగుతుంది. నెయ్యి, పామాయిల్ వంటివాటిలో ఎక్కువగా ఉండే సంతృప్త కొవ్వు ఎక్కువగా తింటే కాలేయం మీద ఈ గ్రాహకాల పని మందగిస్తుంది, ఎల్‌డీఎల్ రక్తంలోనే ఎక్కువసేపు తిరుగుతుంది. పొద్దుతిరుగుడు, మొక్కజొన్న నూనెల వంటివాటిలోని బహుళ అసంతృప్త కొవ్వు ఇందుకు వ్యతిరేక దిశలో పనిచేస్తుంది. కొలెస్టరాల్ చుక్కయినా లేని పామాయిల్ రక్తంలో కొలెస్టరాల్‌ను ఎలా పెంచగలదన్న ప్రశ్నకు జవాబు ఇదే.

ఈ ప్రభావాలను అంకెల్లోకి తెచ్చినవాడు మిన్నెసోటా శాస్త్రవేత్త ఏన్సెల్ కీస్. 1965లో ఆయన బృందం ప్రకటించిన సూత్రంలో సంతృప్త కొవ్వు పెంచే బలం, బహుళ అసంతృప్త కొవ్వు తగ్గించే బలానికి రెండింతలు. ఆహారంలోని కొలెస్టరాల్ ప్రభావం దాని వర్గమూలాన్ని అనుసరించి పోతుంది. అంటే అసలు తిననివారు కొద్దిగా మొదలుపెడితే తేడా తెలుస్తుంది, ఇప్పటికే బాగా తినేవారు మరికొంత తింటే తేడా అంతగా తెలియదు. తర్వాత జరిగిన అనేక ప్రయోగాలను కలిపి చూస్తే, రోజుకు 100 మిల్లీగ్రాముల కొలెస్టరాల్ అదనంగా తిన్నప్పుడు రక్తంలో మొత్తం కొలెస్టరాల్ సగటున డెసిలీటరుకు 2 నుంచి 3 మిల్లీగ్రాములు పెరుగుతుంది. ఒక పెద్ద గుడ్డులో సుమారు 190 మిల్లీగ్రాములు ఉంటుంది కనుక రోజుకో గుడ్డు వల్ల పెరిగేది నాలుగైదు మిల్లీగ్రాములు. మరోవైపు, రోజుకు 2000 కేలరీలు తినే మనిషి అందులో 5 శాతాన్ని సంతృప్త కొవ్వు నుంచి బహుళ అసంతృప్త కొవ్వుకు మార్చితే ఎల్‌డీఎల్ సుమారు 10 మిల్లీగ్రాములు తగ్గుతుంది. ఆ 5 శాతమంటే 11 గ్రాముల సంతృప్త కొవ్వు, దాదాపు 18 గ్రాముల నెయ్యిలో ఉండేంత. గుడ్డును వదిలేసి ముద్దపప్పులో నెయ్యి మాత్రం యథాప్రకారం పోసుకునేవారు లెక్కలో తక్కువ బరువున్న వైపును పట్టుకున్నారన్నమాట.

గుడ్డు మీద పడిన నిందకు మూలం 1968లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ ఇచ్చిన సలహా: రోజుకు 300 మిల్లీగ్రాములకు మించి కొలెస్టరాల్ వద్దని, వారానికి మూడు పచ్చసొనలు దాటవద్దని. 2015 నాటి అమెరికా ఆహార మార్గదర్శకాలు ఆ 300 హద్దును తొలగించాయి. పత్రికలు దాన్ని గుడ్డుకు విడుదలగా చాటాయి. మార్గదర్శకాల్లో ఉన్న మాట వేరు: ఆరోగ్యకరమైన ఆహారంలో భాగంగా కొలెస్టరాల్‌ను వీలైనంత తక్కువగానే తీసుకోమని. హద్దు పోయింది గాని గుడ్డు ప్రభావం సున్నా అని ఎవరూ అనలేదు. పైగా ఆ ప్రభావం అందరిలో ఒకటి కాదు. 1991లో ఒక అమెరికన్ వైద్య పత్రికలో 88 ఏళ్ళ వృద్ధుడి గురించి వ్యాసం వచ్చింది. ఆయన రోజుకు 25 గుడ్లు తినేవాడు, రక్తంలో కొలెస్టరాల్ మామూలుగానే ఉంది. పరీక్షించి చూస్తే ఆయన పేగు తిన్న కొలెస్టరాల్‌లో 18 శాతమే పీల్చుకుంటోంది, కాలేయం అదనపు కొలెస్టరాల్‌ను పైత్యరస ఆమ్లాలుగా మార్చి పారేస్తోంది. ఇందుకు పూర్తిగా భిన్నంగా, రెండు గుడ్లకే అంకె ఎగబాకేవారూ ఉన్నారు. గుడ్ల ఉత్పత్తిలోనూ రొయ్యల సాగులోనూ దేశంలో ముందున్న ఆంధ్రప్రదేశ్‌కు ఈ చర్చ ఊరి సంగతే. రొయ్యల్లో కొలెస్టరాల్ ఎక్కువ, సంతృప్త కొవ్వు మాత్రం చాలా తక్కువ. 1996లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెలర్ విశ్వవిద్యాలయంలో జరిగిన ప్రయోగంలో రోజుకు 300 గ్రాముల రొయ్యలు తిన్నవారిలో ఎల్‌డీఎల్ 7 శాతం, హెచ్‌డీఎల్ 12 శాతం పెరిగాయి. ఆ రొయ్యలు ఆవిరి మీద ఉడికించినవి. నూనెలో తేలే ఇగురుకు ఆ ఫలితం అన్వయించదు.

సంతృప్త కొవ్వులన్నీ కూడా ఒకటి కావు. లారిక్, మిరిస్టిక్, పామిటిక్ ఆమ్లాలు ఎల్‌డీఎల్‌ను పెంచుతాయి, స్టియరిక్ ఆమ్లం పెద్దగా కదిలించదు. కొబ్బరినూనెలో 90 శాతం దాకా సంతృప్తమే, అందులో సగం లారిక్. నెయ్యిలో 60 శాతం పైన, పామాయిల్‌లో దాదాపు సగం. వేరుశనగ, నువ్వుల నూనెల్లో 20 శాతం లోపు, పొద్దుతిరుగుడు నూనెలో పదో పదకొండో శాతం. పామాయిల్‌ను ప్రపంచంలో ఎక్కువగా దిగుమతి చేసుకునే దేశం మనదే, ఆయిల్‌పామ్ సాగులో దేశంలో మొదటి స్థానం ఆంధ్రప్రదేశ్‌ది. ఇంట్లో దాన్ని కొననివారు కూడా బేకరీ బిస్కట్లలో, చిప్స్‌లో, హోటల్ వేపుళ్ళలో తింటూనే ఉంటారు. ఇక ట్రాన్స్ కొవ్వుల మీద వివాదమే లేదు. వెన్నకూ నెయ్యికీ చౌక బదులుగా వచ్చిన మార్జరిన్, వనస్పతి నూనెకు హైడ్రోజన్ ఎక్కించి గట్టిపరిచినవి, ఆ క్రమంలోనే ట్రాన్స్ కొవ్వులు పుడతాయి. అవి ఎల్‌డీఎల్‌ను పెంచడమే గాక హెచ్‌డీఎల్‌ను దించుతాయని 1990లో డచ్ శాస్త్రవేత్తలు మెన్సింక్, కటాన్ చూపారు. డెన్మార్క్ 2003లో వాటికి హద్దు పెట్టింది. మన దేశంలో నూనెలు, కొవ్వుల్లో ఆ హద్దు 2021లో 3 శాతానికి, 2022లో 2 శాతానికి దిగింది. తీసేసిన దాని చోట ఏం పెడుతున్నామో చూసుకోకపోతే ఏమవుతుందో చెప్పడానికి వనస్పతి చరిత్ర ఒక్కటి చాలు.

ఇక్కడ గట్టి ఆక్షేపణ ఒకటి ఉంది. 2010లోనూ 2014లోనూ వెలువడిన రెండు పెద్ద సమీక్షలు, సంతృప్త కొవ్వు ఎక్కువ తినేవారికీ తక్కువ తినేవారికీ గుండెజబ్బులో తేడా కనబడలేదని తేల్చాయి. వాటిని పట్టుకుని వెన్న, నెయ్యి నిర్దోషులని పుస్తకాలే వచ్చాయి. ఆ సమీక్షలు అబద్ధం చెప్పలేదు, కాని అవి అడిగిన ప్రశ్న అసంపూర్ణం. సంతృప్త కొవ్వు తక్కువ తినే మనిషి ఆ కేలరీలను గాలిలోంచి తెచ్చుకోడు. అమెరికాలోనూ ఐరోపాలోనూ చాలామంది వాటి బదులు తిన్నవి మైదా, పంచదార. మైదాతో వెన్నను పోల్చితే తేడా లేదంటే, రెండూ దాదాపు సమానంగా చెడ్డవని అర్థం చెప్పుకోవచ్చు. అసంతృప్త నూనెతో పోల్చినప్పుడు లెక్క మారుతుంది. సంతృప్త కొవ్వును కనీసం రెండేళ్ళపాటు తగ్గించిన ప్రయోగాలను కలిపి 2020లో కోక్రేన్ సంస్థ చేసిన సమీక్షలో గుండె, రక్తనాళాల ఘటనలు 17 శాతం తగ్గాయి. మరణాల్లో మాత్రం చెప్పుకోదగ్గ తగ్గుదల లేదని అదే సమీక్ష చెప్పింది, దాన్ని దాచడం న్యాయం కాదు.

మరణాల మాట వచ్చింది కనుక మిన్నెసోటా ప్రయోగాన్ని దాటవేయలేం. 1968 నుంచి 1973 వరకు అక్కడి మానసిక చికిత్సాలయాల్లో, ఒక వృద్ధాశ్రమంలో 9 వేలమందికి పైగా మనుషుల మీద సంతృప్త కొవ్వు బదులు మొక్కజొన్న నూనెను పరీక్షించారు. కొలెస్టరాల్ తగ్గింది, మరణాలు తగ్గలేదు. 2016లో పాత లెక్కలు బయటికి తీసి మళ్ళీ విశ్లేషించినప్పుడు కూడా అదే తేలింది. కాని ఏడాది పైగా ఆ ఆహారం మీద ఉన్నవారు నాలుగో వంతు మాత్రమే. ధమనుల జబ్బు దశాబ్దాల పాటు పెరిగేది, ఏడాది ఆహారంతో దాన్ని తూచలేం. జీవితకాలపు తూకం జన్యువుల్లో దొరుకుతుంది. పీసీఎస్‌కే9 అనే జన్యువులో లోపం వల్ల పుట్టుక నుంచే ఎల్‌డీఎల్ 28 శాతం తక్కువగా ఉన్న నల్లజాతి అమెరికన్లలో గుండెజబ్బు 88 శాతం తక్కువని 2006లో కోహెన్, హాబ్స్ బృందం చూపింది. ఎల్‌డీఎల్ ఎంత తక్కువగా ఉందన్నది ఎంత ముఖ్యమో, ఎంతకాలం తక్కువగా ఉందన్నదీ అంతే ముఖ్యమని దీన్నిబట్టి తెలుస్తుంది. ఆహారానికి విలువ వచ్చేది ఇక్కడే, అది చిన్న తేడానే తెస్తుంది గాని ఏళ్ళ తరబడి తెస్తుంది.

ఒక జనాభా మొత్తం కంచం మార్చుకుంటే ఏమవుతుందో చూడాలంటే ఫిన్లాండ్‌లోని ఉత్తర కరేలియాకు వెళ్ళాలి. 1960లలో గుండెపోటు మరణాల్లో ఫిన్లాండ్ మగవారు ప్రపంచంలోనే ముందుండేవారు, ఆ దేశంలో కరేలియా ఇంకా ముందుండేది. పాడి ప్రాంతం, రొట్టె మీద దట్టంగా వెన్న, గ్లాసుల కొద్దీ మీగడ తీయని పాలు. 1972లో పెక్కా పుస్కా నాయకత్వంలో మొదలైన ప్రాజెక్టు ఆసుపత్రులకు పరిమితం కాలేదు. మహిళా సంఘాలు ఊళ్ళలో వంటలు చేసి చూపించాయి, మాంసం పరిశ్రమను కొవ్వు తగ్గించమని ఒప్పించారు, పాడి రైతులను బెర్రీ పళ్ళ సాగువైపు ప్రోత్సహించారు, వెన్న చోటికి రేప్‌సీడ్ నూనె వచ్చింది. కాఫీపొడిని నీళ్ళలో మరిగించి తాగే అలవాటు పోయి కాగితపు ఫిల్టర్ వచ్చింది. మరిగించిన కాఫీలో కెఫెస్టాల్ అనే పదార్థం ఎల్‌డీఎల్‌ను పెంచుతుంది, కాగితం దాన్ని ఆపుతుంది. మూడున్నర దశాబ్దాల్లో అక్కడి మగవారి సగటు కొలెస్టరాల్ డెసిలీటరుకు దాదాపు 60 మిల్లీగ్రాములు తగ్గింది. పనిచేసే వయసు మగవారిలో గుండెజబ్బు మరణాలు నలభై ఏళ్ళలో 80 శాతానికి పైగా తగ్గాయి. పొగతాగడం, ఉప్పు తగ్గాయి కదా, మందులు వచ్చాయి కదా అనవచ్చు. నిజమే, వాటి వాటా వాటికుంది. అయితే మందులు విరివిగా రాకముందే కొలెస్టరాల్ దిగడం మొదలైంది, మరణాల తగ్గుదలలో అన్నిటికన్నా పెద్ద వాటా దానిదేనని లెక్కలు కట్టినవారు తేల్చారు.

వెన్న తినే కరేలియాకు చెప్పిన సలహాను అన్నం తినే తెలుగువారికి యథాతథంగా చెప్పకూడదు. 1967లో ఎస్.ఎల్. మల్హోత్రా భారతీయ రైల్వే ఉద్యోగుల మీద ప్రకటించిన అధ్యయనాన్ని నెయ్యి పక్షం వారు తరచు ఉదహరిస్తారు. పాలకొవ్వు ఎన్నో రెట్లు ఎక్కువ తినే పంజాబీల కంటే దక్షిణాది ఉద్యోగుల్లో గుండెజబ్బు ఏడు రెట్లు ఎక్కువని అందులో ఉంది. అది పరిశీలన మాత్రమే, ప్రయోగం కాదు. రెండు ప్రాంతాలకూ మధ్య తేడా నెయ్యి ఒక్కటే కాదు. గోధుమ, వరి, శ్రమ, పుట్టుక, ఇంకా ఎన్నో. నెయ్యి కాపాడుతుందని దాన్నుంచి రాబట్టలేం. దక్షిణాది వారి జబ్బుకు కొవ్వు ఒక్కటే కారణం కాకపోవచ్చన్న హెచ్చరికగా మాత్రం తీసుకోవచ్చు. ఆ హెచ్చరిక నిలిచింది. భారత వైద్య పరిశోధన మండలి నాలుగు ప్రాంతాల్లో జరిపించి 2014లో వెలువరించిన అధ్యయనంలో ఎల్‌డీఎల్ ఎక్కువున్నవారు 11.8 శాతమే. రక్తంలో తిరిగే మరో రకం కొవ్వులైన ట్రైగ్లిజరైడ్లు ఎక్కువున్నవారు 29.5 శాతం. హెచ్‌డీఎల్ తక్కువున్నవారు ఏకంగా 72.3 శాతం. పాలిష్ పట్టిన బియ్యం, పంచదార వంటి పిండిపదార్థాలు కాలేయంలో ట్రైగ్లిజరైడ్లను పెంచుతాయి, అవి పెరిగినప్పుడు హెచ్‌డీఎల్ తగ్గుతుంది, ఎల్‌డీఎల్ రేణువులు చిన్నవిగా, ఎక్కువ సంఖ్యలో తయారవుతాయి. కాబట్టి నెయ్యి తగ్గించి మరో రెండు గరిటెల అన్నం పెట్టుకుంటే పరీక్ష కాగితంలో ఒక అంకె దిగి ఇంకొకటి చెడుతుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో ధాన్యాల నుంచి అందే శక్తి 45 శాతం దాటవద్దని, పప్పుల వాటా పెరగాలని చెప్పింది ఇందుకే. హెచ్‌డీఎల్ తక్కువగా ఉండటమే అసలు జబ్బు అనుకోవడం కూడా పొరపాటు. దాన్ని మందులతో పెంచిన ప్రయోగాలు గుండెపోట్లను తగ్గించలేకపోయాయి. అది పిండిపదార్థాలు, పొట్ట, కూర్చున్న బతుకు కలిసి ఇచ్చే గుర్తు.

ఎల్‌డీఎల్‌ను దించే ఆహారాలు ఉన్నాయి, వాటి బలం మితమైనది. నీటిలో జిగురుగా మారే పీచు పైత్యరస ఆమ్లాలను పట్టుకుని బయటికి పంపుతుంది, వాటిని మళ్ళీ తయారు చేయడానికి కాలేయం రక్తంలోని కొలెస్టరాల్‌ను వాడుకుంటుంది. ఓట్స్, బార్లీ, పప్పులు, బెండకాయ ఈ కోవలోవి. పోషకాహార సంస్థలో ఆర్.డి. శర్మ బృందం 1990 ప్రాంతంలో మెంతులు కొలెస్టరాల్‌ను తగ్గిస్తాయని చూపింది. అయితే అది కొద్దిమంది మధుమేహ రోగులకు కొవ్వు తీసిన మెంతిపొడి రోజుకు 100 గ్రాములు పెట్టి చూసిన ఫలితం, పోపులో పడే చిటికెడుతో సాధ్యమయ్యేది కాదు. 2003లో టొరంటోలో డేవిడ్ జెన్‌కిన్స్ జిగురు పీచు, సోయా, బాదం, మొక్కల స్టెరాల్స్ అన్నిటినీ ఒకే ఆహారంగా కూర్చి పెడితే నెలలో ఎల్‌డీఎల్ 28.6 శాతం తగ్గింది, కొలెస్టరాల్‌ను తగ్గించే స్టాటిన్ మాత్ర చేసేదానికి దాదాపు సమానం. అదే ఆహారాన్ని ఇళ్ళలో ఎవరికి వారు పాటించినప్పుడు తగ్గింది సుమారు 13 శాతం. పథ్యం శక్తి ఒకటి, దాన్ని నిలుపుకునే మనిషి శక్తి వేరొకటి.

అందుకే ఆహారానికి హద్దులున్నాయని కూడా చెప్పాలి. దాదాపు 250 నుంచి 300 మందిలో ఒకరికి ఎల్‌డీఎల్ గ్రాహకాల లోపం వంశపారంపర్యంగా వస్తుంది. వారికి ఏ పథ్యమూ చాలదు, చిన్న వయసు నుంచే మందులు కావాలి, అది వారి తిండి తప్పు కాదు. మరోవైపు తెలుగునాట కొన్నేళ్ళుగా ప్రచారంలో ఉన్న కొవ్వుమయమైన, అన్నం లేని పథ్యాల వల్ల బరువు, ట్రైగ్లిజరైడ్లు తగ్గుతాయి. కొందరిలో ఎల్‌డీఎల్ మాత్రం ప్రమాదకరంగా పెరుగుతుంది. ఎవరిలో పెరుగుతుందో ముఖం చూసి చెప్పలేం. ఆహారం మార్చిన మూడు నాలుగు వారాలకే ఎల్‌డీఎల్ కొత్త స్థాయికి చేరుతుంది. కనుక నెయ్యి మానినా, గుడ్డు మొదలుపెట్టినా, కొత్త పథ్యం పట్టినా, మార్చడానికి ముందు ఒకసారి, రెండు నెలల తర్వాత ఒకసారి రక్త పరీక్ష చేయించుకుని ఆ రెండు కాగితాలతో డాక్టరు దగ్గరికి వెళ్ళండి.